బల్లికి కొత్త చక్రాలు

మసక 208వ రోజు, పొద్దున

సుబ్బరత్నమ్మ ఎర్ర దుమ్ము మసకలో దారి కోసం కట్టిన తాడు పట్టుకుని, ముక్కుకు తడిగుడ్డ చుట్టుకుని, తానే నడిచి నా కొట్టుకు వచ్చింది. గాలి లెక్కలు చూసే మనిషి తన గది వదిలి వచ్చిందంటే అది మంచి వార్త అయి ఉండదు.

"దస్తగిరమ్మా, బల్లిని బయటికి తీయల్ల," అంది.

"ఎప్పుడు?"

"నాలుగోనాడు పొద్దున గాలి రోంత అణుగుతాది. మూడు గంటలుంటాదేమో. ఆ లోపల గనిమిట్టకు పోయి చేరల్ల."

"ఎట్ల చేరేది? దాని టైర్లు చూసినావా? ఎండిన రేగడి మాదిరి చీలికలు బారినాయి. కారును నా నెత్తిన పెట్టుకోని మోసుకుపోయేదా?"

మామూలుగా అయితే నాలుగు మాటలు తిరిగి అనేది. ఈరోజు నేరుగా సంగతి చెప్పింది. గనిమిట్టలో కంఠసర్పి పట్టుకుందట. పదకొండు మందికి గొంతు మూసుకుపోతోంది, ముగ్గురు ఇప్పటికే పోయారు. మందు మా తాళ్ళవాడలోనే తయారు చేసి గాజు సీసాల్లో పోసి పెట్టారు. మాటలైతే వైరు ఫోను మీద పంపొచ్చు, సీసాలు పంపలేం కదా.

ఇక్కడ రోడ్డెక్కగలిగిన బండి బల్లి ఒక్కటే. అది కరెంటుతో నడిచే స్పోర్ట్స్ కారు. ఎవరో కలిగిన మనిషి సరదాకు కొని నేలమాళిగలో దాచుకుంటే మాకు దక్కింది. మా లారీని ఈ గాలి రెండుసార్లు పడగొట్టింది, జీపును పల్టీ కొట్టించి తలుపులు ఊడదీసింది. ఎత్తున్న బండి ఏదీ నిలబడదు. ఈ కారు మాత్రం నేలను కరుచుకుని పోతుంది, అందుకే దానికా పేరు. నడిపేది నా తమ్ముడు మౌలాలి. నాకున్నది వాడొక్కడే.

మసక 208వ రోజు, సాయంత్రం

నా తర్వాత ఈ కొట్టు ఎవరు చూస్తారో తెలియదు. వాళ్ళ కోసం ఇది వివరంగా రాస్తున్నాను. చక్రం గుండ్రంగా ఉంటే చాలుననుకునే మనుషులు లోకంలో చాలామంది ఉన్నారు. మౌలాలి పెండ్లాం జైబు ఒకతి. "వదినా, అన్ని చక్రాలు పేర్చి పెట్టుకోనుండావు, ఏవో నాలుగు తగిలించరాదా," అంటుంది. తగిలించడానికి ఇవేమైనా గోడకు పటాలా?

బల్లికి పుట్టుకతో వచ్చినవి ఇరవై అంగుళాల రిమ్ములు. వాటి మీద టైరు పక్క గోడ నాలుగు వేళ్ళ ఎత్తు కూడా ఉండదు. అద్దంలాంటి రోడ్ల మీద పోవడానికి చేసిన బండి అది. ఇప్పటి రోడ్డేమో మోకాటి లోతు గుంతలు. పక్క గోడ ఎత్తుగా ఉంటే దెబ్బ టైరు తింటుంది, పొట్టిగా ఉంటే రిమ్ము తింటుంది. రిమ్ము పగిలితే అక్కడితో సరి. అలాగని మరీ ఎత్తు టైరు వేస్తే కారు పైకి లేస్తుంది, అడుగున గాలి దూరుతుంది, బల్లి కాస్తా తేలు మాదిరి తోక లేపుతుంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

మొదట జీపు చక్రాలు చూశాను. ఐదు బోల్టులే, పైకి సరిపోయినట్టే ఉంటాయి. బోల్టులున్న వలయం బల్లికి నూటపన్నెండు మిల్లీమీటర్లు, జీపుకు నూట పద్నాలుగు చిల్లర. రెండు మిల్లీమీటర్లే కదా అని బిగించేసే మొనగాళ్ళను చూశాను. నట్టు పూర్తిగా కూర్చోదు. ఇరవై కిలోమీటర్లకు ఒక్కొక్కటే వదులై, ఆఖరికి చక్రం బండిని దాటి ముందుకు పోతుంది. వాటిని పక్కన పడేశాను.

గోడవార అడుగున పద్దెనిమిది అంగుళాల రిమ్ములు దొరికాయి. బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి. మధ్య బొక్క కొంచెం పెద్దది, అల్యూమినియం రింగు కోసి నింపాను. బ్రేకుకూ రిమ్ముకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు మిగిలింది. ఊపిరి బిగబట్టి తిప్పి చూశాను, తగల్లేదు.

వాటికి సరిపోయే టైర్లు రెండు రకాలున్నాయి. ఒకటి 255/45, రెండోది 255/50. ముందున్న అంకె టైరు వెడల్పు. గీత తర్వాతి అంకె ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు నూటికి ఎంతో చెబుతుంది. యాభై అంటే సగం. నలభై ఐదు వేస్తే మొత్తం చక్రం దాదాపు పాత చక్రమంతే ఉంటుంది, ఏ గొడవా లేదు. కానీ అవి మూడే ఉన్నాయి. మూడు చక్రాలతో ఆటో నడుస్తుంది గానీ బల్లి నడవదు. కాబట్టి యాభై. పాత చక్రం అడుగు నుంచి పైదాకా 680 మిల్లీమీటర్లు, కొత్తది 712. కారు బొటనవేలి మందం పైకి లేస్తుంది.

ఆ కొలత తీసుకుని సుబ్బరత్నమ్మ దగ్గరికి పోయాను. కాగితం మీద ఏవో గీసి, "ఓర్చుకుంటాదిలే," అంది. ఆగి, "గాలి నేను చెప్పినట్లే ఉంటే," అని కలిపింది. అదీ ఒక మాటేనా!

మసక 209వ రోజు

నాలుగు చక్రాలూ బిగించాను. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి ప్లాస్టిక్ తొడుగును రాసుకుంటోంది. తొడుగు కోసేశాను. మధ్యాహ్నం మౌలాలి సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చి, గిన్నె నా పక్కన పెట్టి కారు చుట్టూ తిరిగాడు.

"అక్కా, బల్లికి చక్రాలేసినట్టు లేదు. బర్రెకు బూట్లేసినట్టుంది."

"నోరు మూసుకోని తిను. రోడ్డు మీద ఆ బర్రె బూట్లే నీ ప్రాణం కాపాడేది."

నవ్వాడు. వాడు నవ్వితే మా నాయన పోలిక. నాకు నవ్వు రాలేదు. నడిపేవాళ్ళు మాకు ఇద్దరుండేవారు. రెండోవాడు పెద్దకాశీం, పోయిన మసకలో పోయాడు. బయల్దేరే నిమిషంలో గేటు దగ్గర ఎవరో గాలి వేగం ఎంతో గట్టిగా అరిచారు. వాడు ఆ అంకెనే మలుపు దూరమనుకుని బుర్రలో పెట్టుకున్నాడని అంటారు. కారు దొరికింది, వాడు దొరకలేదు. అప్పటినుంచి తాళ్ళవాడలో ఒక కట్టుబాటు. ఆఖరి నట్టు బిగిసి, చక్రం కింద ఎండు నిమ్మకాయ పెట్టాక, తిరిగి వచ్చేదాకా నడిపేవాడితో ఎవరూ నోటితో అంకె పలకకూడదు. చెప్పాల్సింది చక్రాల చీటీలో రాసి స్టీరింగు మీద అంటించాలి. చిన్నపిల్లలు కూడా మౌలాలిని చూస్తే లెక్కలు ఆపేస్తారు.

ఆఖరి నట్టు బిగించి నిమ్మకాయ పెట్టాను. చీటీలో మూడే గళ్ళు: టైరు కొలత, గాలి ఒత్తిడి, నట్టు బిగువు. మూడూ నింపి అంటించాను. మౌలాలి ఆ చీటీని చాలాసేపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి. దువా చేసుకుంటున్నాడనుకుని నేను తల దించుకున్నాను.

మసక 210వ రోజు

ఒక పని మిగిలింది. అది అందరికన్నా నాకే బాగా తెలిసిన పని.

మసకలో నడిపేవాడికి కళ్ళు పనికిరావు. కారు ముక్కు కూడా కనపడదు. రోడ్డుకు రెండంచులా పరిచిన గరుకు రాళ్ళు చక్రానికి తగిలితే దారి తెలుస్తుంది. మలుపు ఎక్కడో దూరం మీటరు చెబుతుంది. రోడ్డు బుక్కులో పద్నాలుగు మలుపులు రాసి ఉంటాయి, ఇన్ని కిలోమీటర్లకు కుడి, ఇన్నింటికి ఎడమ అని. మీటరు లెక్కపెట్టేది చక్రం చుట్లను. చక్రం పెద్దదైతే అదే దూరానికి చుట్లు తగ్గుతాయి, మీటరు తక్కువ చూపిస్తుంది.

ఇది కాగితం మీద తేలే లెక్క కాదు. కారు బరువుకు టైరు ఎంత అణుగుతుందో చక్రం బిగించి నేల మీద దించాకే తెలుస్తుంది. నిమ్మకాయ పక్కకు తీసి, టైరుకు సుద్దగీత పెట్టి, గీత మళ్ళీ నేలకు వచ్చేదాకా కారును నెట్టి, టేపుతో కొలిచాను. జైబు నెట్టింది. నూటికి నాలుగు తేడా. మీటరు డబ్బా విప్పి ఆ నాలుగూ సర్దాను. మళ్ళీ నెట్టి చూసి, నిమ్మకాయను తిరిగి చక్రం కింద పెట్టాను. ఇప్పుడు మీటరు నిజం చెబుతోంది. పాత బుక్కు ఉన్నదున్నట్టు పనికొస్తుంది.

మౌలాలికి చెప్పాలా అని ఒక్క క్షణం అనుకున్నాను. నట్లు బిగిశాయి, నిమ్మకాయ పెట్టాను, అంకె మాట ఎత్తకూడదు. చీటీలో మీటరుకు గడి లేదు. అయినా వాడికి తెలియాల్సిన అవసరమేముంది? వాడు ఎప్పటిలాగే బుక్కు చూసుకుంటూ పోతాడు. పని శుభ్రంగా అయిందని కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

మసక 211వ రోజు, పొద్దున తొమ్మిది

వెళ్ళాడు. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "భయపడాకక్కా, సాయంత్రానికి ఫోన్లో నా గొంతు ఇంటావు," అన్నాడు. నిమ్మకాయ చితికిన చప్పుడు వినపడింది. అంతే, రెండు బారలు పోయాక కారు లేదు, ఎర్రటి మసక ఉంది. జైబు వచ్చి చెయ్యి పట్టి లోపలికి లాగింది.

తొమ్మిదీ ముప్పై ఐదు

వైరు గదిలో లైను కలిసేదాకా ఇది రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

జైబు ఇల్లు ఊడుస్తూ పరుపు కింద పాత రోడ్డు బుక్కు చూసింది. వాడు మరిచిపోయాడని బెంగపడి నా దగ్గరికి తెచ్చింది.

"బుక్కు లేకుండా ఎట్ల పోయినాడే?" అడిగాను.

"లేకుండా కాదు వదినా. కొత్తది రాసుకున్నాడు. మొన్న నీ కొట్టు నుంచి వచ్చి, టైరు కొలత చూసినా, మీటరు తక్కువ చూపిస్తాది, అక్కకు చక్రాల ధ్యాసే గానీ దూరాల ధ్యాస ఉండదు, నేనే సరిచేసుకుంటా, అక్కకు చెప్పాకు, ఊరికే భయపడుతాది, అన్నాడు. పద్నాలుగు మలుపులూ తగ్గించి రాసుకున్నాడు."

"మరి నిన్న నాతో కారు నెట్టినావు కదే, అప్పుడైనా చెప్పరాదా?"

"నువ్వు చక్రం కొలుస్తాండావనుకున్నా వదినా. మీటరు సంగతి నాకేమెరుక?"

వాడు సరిచేశాడు, నేనూ సరిచేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. నేను సర్దిన మీటరు మీద వాడు తగ్గించిన అంకెలు చూసుకుంటూ పోతే ప్రతి మలుపూ ముందే వస్తుంది. మొదటి పదమూడు మలుపుల్లో తేడా చిన్నది. గరుకు రాళ్ళు తగిలితే వెనక్కు లాక్కుని ఇంకాస్త ముందుకు పోయి తిరుగుతాడు, మసకలో అది మామూలే. పద్నాలుగోది నలభయ్యో కిలోమీటరు దగ్గర, ఎడమకు. వాడు ముప్పై ఎనిమిదిన్నర దగ్గర ఎడమకు తిప్పుతాడు. అక్కడ గరుకు రాళ్ళు ఉండవు. రోడ్డు తెరుచుకునే ఉంటుంది, నాపరాయి పరిచి నున్నగా ఉంటుంది. వాడికి ఏ అనుమానమూ రాదు. అది పాత గని వాకిలి. రెండొందల అడుగులు పోతే గుంత. తొంభై అడుగుల లోతు.

కారులో ఫోను లేదు. మా సైరను మూడు కిలోమీటర్లకు మించి వినపడదు. వెంట పోవడానికి ఇంకో బండి లేదు. తాడు పట్టుకుని వైరు గదికి పరుగెత్తాను. ముసుగు కూడా కట్టుకోలేదు, నోటి నిండా దుమ్ము.

తొమ్మిదీ నలభై ఐదు, వైరు గది

సుబ్బరత్నమ్మ గనిమిట్టకు లైను కలిపింది. అక్కడ ఫోను చూసే ఆమెను చెన్నక్క అంటారు. ఆరేళ్ళుగా గొంతుతోనే పరిచయం, ముఖం చూసింది లేదు. నేను ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. అంకెలన్నీ నోటితోనే చెప్పాను. సుబ్బరత్నమ్మ చెవులు మూసుకోబోయి మానేసింది.

చెన్నక్క అంతా విని అడిగింది. "గని వాకిలికి ఎన్ని గంటలకొస్తాడు?"

"పదీ పదిహేడుకు. నాలుగు నిమిషాలు అటూ ఇటూ."

"మా వెనక నుంచి తాడు బాటుంది. రెండు కిలోమీటర్లు. అర్ధగంట పడతాది."

"ఎవరినైనా పంపుతావా అక్కా?"

"ఎవరిని పంపేది మ్మే? ఈడ లేచి నిలబడేవాళ్ళు నలుగురం. ముగ్గురు రోగుల కాడుండారు. నేనే పోతా."

"వాకిలికి రాళ్ళు అడ్డం పెట్టు. వాకిట్లో మాత్రం నిలబడాకు, నీకు దండం పెడతా."

"రాళ్ళకు గుద్దుకోని బోల్తా పడితే సీసాలు మిగుల్తాయా? సీసాలు లేకపోతే నీ తమ్ముడు వచ్చి మాకేం ఒరుగుతాది?" కోపం కాదు, ఉన్నమాటే చెప్పింది. "పళ్ళెం తీసుకుపోతా. కొడుతూ ఉంటే ఇంటాడు."

"పక్కన నిలబడి కొట్టు."

"చూస్తాలే. ఒక మాట. నా బిడ్డ నాగవేణి ఈ గదిలోనే పండుకోనుంది. దీనికీ పట్టుకుంది. ఫోను దాని చెవి కాడ పెట్టి పోతాండా. మాట రాదు, చెవులు బాగా ఇంటాయి. నేను వచ్చిందాకా ఏదో ఒకటి మాట్లాడతా ఉండు. ఒంటరిగా ఉంటే దానికి భయం."

తలుపు తెరుచుకున్న చప్పుడు, గాలి హోరు, తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత ఒక ఊపిరి. పాత పంపు గాలి లాగినట్టు, గొంతులో ఎక్కడో అడ్డం తగులుతూ.

పది గంటలు

ఎడమ చెవికి ఫోను, కుడిచేత్తో రాత. నాగవేణికి ఇరవై రెండేళ్ళట, సుబ్బరత్నమ్మ చెప్పింది. ఆ పిల్లకు ఏం చెప్పాలి? నాకు చక్రాలు తప్ప ఏమి తెలుసు?

అవే చెప్పాను. "నాగవేణీ, నేను చక్రాల మేస్త్రీని. మీ కాడికి మందు తెచ్చే కారుకు చక్రాలేసింది నేనే. జీపు చక్రాలు సరిపోలేదు తల్లీ, రెండు మిల్లీమీటర్లు తేడా. నేను తీసుకోలా. ఎట్లాంటి తప్పు జరగకుండా చూసినా," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. అబద్ధమాడినంత పాపం చుట్టుకుందనిపించింది.

ఊపిరి ఒకసారి ఆగింది. నా ఊపిరీ ఆగింది. మళ్ళీ మొదలైంది.

జైబు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్నే చూస్తోంది. ఏడిస్తేనే బాగుండేది. సుబ్బరత్నమ్మ గాలి గడియారం చూసి, "లేస్తాంది," అంది. గాలి లేస్తోందట. మూడు గంటలుంటుందన్న తెరిపి గంటకే పోతోంది. ఆ గాలిలో చెన్నక్క పళ్ళెం పట్టుకుని నడుస్తోంది. ఆ గాలిలోనే నేను బొటనవేలి మందం పైకి లేపిన కారు పోతోంది. ఎవరి గురించి ముందు భయపడాలో నాకు తెలియడం లేదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను: నా తమ్ముడి గురించే ముందు భయపడ్డాను.

పదీ పదిహేడు

గడియారం ముల్లు అక్కడికి వచ్చింది. ఏమీ జరగలేదు. ఇక్కడ ఏం జరుగుతుంది? జరిగేదంతా అక్కడ జరుగుతుంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. బుక్కులో ఏ మలుపు ఎలా ఉంటుందో, మా నాయన నాకు స్పానరు పట్టుకోవడం ఎలా నేర్పాడో, నోటికి వచ్చిందల్లా చెబుతున్నాను. నాగవేణి వేలితో ఫోనును రెండుసార్లు తట్టింది. వింటున్నానని చెప్పిందేమో. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకున్నాను, నా ఏడుపు వింటే ఆ పిల్ల భయపడుతుంది.

పదీ ముప్పై రెండు

ఇంకా ఏమీ లేదు. చెన్నక్క తిరిగి రావడానికి ఇంకో పావుగంట కావాలి. కారు సరైన దారిన పడి ఉంటే ఇప్పటికి గనిమిట్ట చేరాలి. అక్కడి వైరు గది గేటు పక్కనే, మందు దించేదీ అక్కడే. నాగవేణి ఊపిరి ఇంతకుముందుకన్నా పొట్టిగా వస్తోంది. నిమిషానికి ఎన్నో లెక్కపెట్టడం మొదలుపెట్టి భయమేసి మానేశాను.

పదీ నలభై

తలుపు తెరుచుకుంది. గాలి హోరు ఒక్కసారిగా చెవిలో పడింది. బూట్ల చప్పుడు. మగమనిషి దగ్గు. ఆ దగ్గు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మౌలాలీ!" అని అరిచాను. జైబు లేచి వచ్చి ఫోనుకు చెవి ఆనించింది.

ఫోను చేతిలోకి తీసుకున్న చప్పుడు. "అక్కా?" వాడి గొంతు పలచగా ఉంది. "నువ్వు ఫోన్లోనే ఉండావా?"

"వచ్చినావా నాయనా! వచ్చినావా!"

"వచ్చినా. మందు భద్రంగా ఉంది, ఒక్క సీసా పగల్లా." ఆగాడు. "ఆఖరి మలుపు తిప్పినా. దోవ నున్నగా ఉంది. ఏదో గిన్నె కొట్టినట్టు చప్పుడు వినపడింది, గాలిలో ఎటు నుంచో తెలీలా. బ్రేకు తొక్కినా. నాపరాయి మీద దుమ్ము అక్కా, కారు జారింది. ఎదురుగా మనిషి."

చేతిలో పెన్ను కింద పెట్టేశాను.

"పక్కకు పోలా అక్కా. చప్పుడు ఆపకుండా ఆడనే నిలబడింది. దిగి చూస్తే ఇంకో నూరడుగుల్లో గుంత. నాకోసమే నిలబడింది, ఎట్ల తెలిసిందో ఏమో. కార్లో పండబెట్టి తెచ్చినా. దోవలోనే ఊపిరి పోయింది." తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "నా బుక్కు తప్పా అక్కా?"

"నీ బుక్కు తప్పు కాదు. నా మీటరూ తప్పు కాదు. నేనూ సరిచేసినా, నీకు చెప్పలా. చెప్పనిది నేను మౌలాలీ. ఇది నా మీద ఉండనీ."

వాడికి అర్థమైంది. వైరులో గాలి గుయ్‌మంటోంది. నాకు ఒక్కటే గుర్తుంది. ఫోను ఇంతసేపూ ఎవరి చెవి దగ్గర ఉందో, వాడు ఎవరి మంచం పక్కన నిలబడి మాట్లాడుతున్నాడో వాడికి తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో వాడే అన్నాడు.

"ఆమె ఎవరో తెలీదక్కా. ఇక్కడ చెప్పేదానికి ఎవరూ లేరు, ఒక పిల్ల మాత్రం మంచం మీద ఉంది, మాట్లాడలేదు. పళ్ళెం తెచ్చినా. పళ్ళెం మీద పేరు చెక్కుంది."

"చదవొద్దురా!"

వాడు చదివేశాడు. "చెన్నమ్మకు అమ్మ కానుక."

ఫోను వెనక, గంట సేపటి నుంచి ఊపిరి తప్ప ఇంకేమీ రాని ఆ గొంతులోంచి, చీలిపోయిన ఒక చప్పుడు వచ్చింది. అది అమ్మా అనే మాట. మౌలాలికీ వినపడింది.

"అక్కా, ఈ పిల్ల..."

"ఆమె బిడ్డ. పేరు నాగవేణి. ఏడవాకురా, ఇప్పుడు ఏడవాకు. పెట్టెలో సూదులుంటాయి, నీకు వెయ్యడం వచ్చు. ముందు ఆ పిల్లకు వెయ్యి. తర్వాత మిగిలినోళ్ళ కాడికి పో. ఫోను మళ్ళీ దాని చెవి కాడ పెట్టు. నేను ఈడనే ఉంటా, యాడికీ పోను."

ఫోను దిండు మీద పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత పెట్టె మూత తీసిన చప్పుడు.